తప్పు మీది కాదు

మా వారికి కొత్త వస్తువు కొనడం కన్నా, కొనబోయే ముందు దాని గురించి చదవడం ఎక్కువ ఇష్టం. మేం ఫ్రిజ్ మార్చాలనుకున్న ఏడాది ఆయన చదివినంత శ్రద్ధగా చదువుకునే రోజుల్లో చదివుంటే ఈపాటికి కలెక్టరయ్యేవాడని మా అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. ఆయన మాత్రం ఏమీ చలించరు. రాత్రి భోజనాలయ్యాక ముందుగదిలో కూచుని, ఫలానా ఫోను గురించి ఫలానా విలేకరి ఏమన్నాడో, దానికి ఇంకో విలేకరి ఏం బదులిచ్చాడో మహాభారతం చదివినట్టు చదువుతారు.

గిన్నెలు సర్దేసి వచ్చి నేనూ పక్కన కూచోవడం, ఆయన భుజం మీంచి నాలుగు ముక్కలు చదవడం అలవాటైంది. నేను నవలలు రాసుకునేదాన్ని. బీయే చదివినదాన్ని. యంత్రాల సంగతి నాకేం తెలుస్తుందని మీరనొచ్చు. కానీ నా నవలల్ని సమీక్షించేవాళ్లు ఇన్నేళ్లుగా "పాత్రలు సజీవంగా ఉన్నాయి, కథ మాత్రం అక్కడక్కడా కుంటుపడింది" అని రాస్తుంటే నోరెత్తకుండా చదువుకున్నాను. సమీక్షకుల్ని సమీక్షించే అవకాశం నాకెప్పుడూ రాలేదు. ఇన్నాళ్లకు వచ్చింది, ఎందుకు వదులుకోవాలి?

ముందుగా నాకు తోచింది చెప్తాను. వస్తువుల మీద ఈ విలేకరులు రాసేది చదువుతుంటే పెళ్లిసంబంధాల ప్రకటనలు గుర్తొస్తాయి. ఎత్తు ఇంత, రంగు ఇది, జీతం ఇంత. అలాగే తెర ఇన్ని అంగుళాలు, కెమెరా ఇన్ని మెగాపిక్సెళ్లు, బ్యాటరీ ఇన్ని గంటలు. అన్నీ ఉంటాయి. ఇంటికొచ్చాక ఎలా మసలుకుంటుందన్నది మాత్రం ఉండదు. పిల్లవాడి జీతం తెలుసుకుని పెళ్లి చేసి, గుణం ఆ తర్వాత తెలుసుకున్న ఇళ్లు మనం ఎన్ని చూడలేదు?

అలాంటి రాతల మధ్య ఒకాయన మాటలు నాకు మరోలా వినిపించాయి. ఆయన పేరు వాల్ట్ మాస్‌బర్గ్. అమెరికావాడు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి సెలవులకొచ్చినప్పుడు, "అమ్మా, నాన్న చదివేవాళ్లందరికీ ఈయన తాతయ్యలాంటివాడు" అంటూ పరిచయం చేసింది.

మాస్‌బర్గ్ అంతకుముందు వాషింగ్టన్‌లో రక్షణ వ్యవహారాలు, విదేశాంగ వ్యవహారాలు రాసే విలేకరి. 1991 అక్టోబరులో "వాల్ స్ట్రీట్ జర్నల్" పత్రికలో వారంవారం ఒక శీర్షిక మొదలుపెట్టాడు. ఆ మొదటి వ్యాసం మొదటి వాక్యంలోనే ఆయన చెప్పిన మాట సారాంశం ఇది: కంప్యూటర్లు వాడటం మరీ కష్టంగా ఉంది, అందులో మీ తప్పేమీ లేదు.

ఇది చదివి నేను కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, మా హనుమకొండలో కంప్యూటరన్నది దేవుడి గది లాంటి గదిలో ఉండేది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. లోపల ఏసీ చలి, నల్లటి తెర, దాని మీద మిణుకుమిణుకుమంటూ ఒక గీత. ఏం కొట్టాలో మనకే తెలియాలి. ఒక్క అక్షరం తప్పు పడితే తిట్టినట్టు ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చేది. నేర్పే కుర్రాడు "అట్లా కాదక్కా" అని పక్కకు జరిపి తనే చకచకా కొట్టేసేవాడు. పది రోజులు వెళ్లి, ఇది మన తలకెక్కేది కాదని మానేసిన ఆడపిల్లల్లో నేనూ ఒకదాన్ని. తప్పు నాదేననుకున్నాను. సముద్రానికి అవతల ఒక పెద్దమనిషి అప్పటికే తప్పు మీది కాదు తల్లీ అని రాసి పెట్టాడని నాకేం తెలుసు?

ఆయన గొప్పదనమంతా అక్కడే ఉంది. అప్పటిదాకా యంత్రాల గురించి రాసేవాళ్లు యంత్రం పక్షాన నిలబడి మనుషుల్ని చూసేవాళ్లు. ఈయన మనిషి పక్షాన నిలబడి యంత్రాన్ని చూశాడు. ఒక సరుకు బాగోలేకపోతే, దాన్ని చేసినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా బాగోలేదనే రాశాడు. అదే పత్రికలో ఇరవై రెండేళ్లు రాసి, 2013 చివర్లో బయటికొచ్చి వేరే చోట కొనసాగించి, 2017లో విరమించుకున్నాడు. 2007లో యాపిల్ వారి మొట్టమొదటి ఐఫోను అంగట్లోకి రాకముందే ముందుగా చేతికందిన నలుగురు విలేకరుల్లో ఆయనొకడంటే, కంపెనీలవాళ్లు ఆ కలానికి ఎంత విలువిచ్చేవాళ్లో మీరే ఊహించుకోండి.

మన తెలుగులో అలాంటి పని జరగలేదా అంటే, జరిగింది. నల్లమోతు శ్రీధర్ గారి సంపాదకత్వంలో "కంప్యూటర్ ఎరా" అని ఒక మాసపత్రిక వచ్చేది. ఇంగ్లీషు పుస్తకాలు చూసి జంకిన కుర్రవాళ్లకు కంప్యూటర్ని తెలుగులో చెప్పిన పత్రిక అది. భాష అడ్డు తొలగడమంటే సగం భయం తొలగడమే. భయం పోగొట్టినవాళ్లకు మనం ఎప్పుడూ రుణపడే ఉంటాం.

ఇంతవరకూ పొగడ్త. ఇక్కణ్ణుంచి నా అనుమానం చెప్తాను.

మాస్‌బర్గ్ "మీ తప్పు కాదు" అన్నాడే, ఆ "మీరు" ఎవరు? ఆయన రాతలు చదివినకొద్దీ నా కళ్ల ముందు కనబడే ఆ "మీరు" ఒంటరి మనిషి. తన డబ్బుతో తన వస్తువు తనే కొనుక్కుంటాడు. నచ్చకపోతే ఇంకోటి కొనుక్కుంటాడు. మన ఇళ్లల్లో అలా ఉందా? ఏది కొనాలన్నది ఒకరు నిర్ణయిస్తారు. డబ్బు ఇంకొకరిస్తారు. వాడేది మరొకరు. తుడిచేది, చార్జింగ్ పెట్టేది, చెడిపోతే బాగుచేసే మనిషి కోసం పొద్దుటి నుంచి గుమ్మంలోకి తొంగిచూస్తూ ఇంట్లో ఉండిపోయేది ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ చివరిమాట విడ్డూరమేం కాదు. రూత్ ష్వార్జ్ కోవన్ అని అమెరికాలోనే ఒక చరిత్రకారిణి, 1983లో ఇంటిపనుల యంత్రాల మీద ఒక పుస్తకం రాసింది. దాని పేరుకి తెలుగు చెప్పాలంటే "అమ్మకు మరింత పని". ఆవిడ చూపించిన సంగతి ఏమిటంటే, యంత్రాలొచ్చి తగ్గించినది ఎక్కువగా మగవాళ్ల పనినీ పిల్లల పనినీనట. కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం పోయాయి. అమ్మ పని మాత్రం పోలేదు, రూపం మార్చుకుంది. ఇదివరకు బయట ఉతికించిన బట్టలు ఇంట్లోకొచ్చాయి. యంత్రం ఉంది కదా అని బట్టలు త్వరత్వరగా మాపుకోవడం మొదలైంది.

మన వంటింట్లో చూడండి. రుబ్బురోలు ముందు కూచుని పొత్రం తిప్పిన రోజుల్లో ఇడ్లీ అంటే ఆదివారం పండుగ. గ్రైండరొచ్చాక ఇడ్లీ రోజూ ఉండాల్సిందే. పైగా ఒకరికి ఇడ్లీ, ఇంకొకరికి అదే పిండితో దోసె, మూడోవారికి ఊతప్పం. గ్రైండరు చేతినొప్పి తగ్గించింది, నిజం. నేను దానికి రోజూ దణ్ణం పెడతాను. కానీ మిగిలిన ఆ గంట నా నవలకు వచ్చిందా అంటే రాలేదు.

అయినా వంటింటి మాట విని పుట్టిన యంత్రాలు లేకపోలేదు. 1960లలో బొంబాయిలో మాధురీ మాథుర్ అనే ఇల్లాలి జర్మనీ మిక్సీ చెడిపోయిందట. ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు. ఆవిడ భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజనీరు. మన పప్పులకీ మసాలాలకీ తట్టుకునే మిక్సీ చేసిపెట్టమని ఆవిడ పట్టుబడితే, అలా పుట్టిందే సుమీత్ మిక్సీ. విదేశీ మిక్సీ పళ్లరసానికీ కేకు పిండికీ చేసినది. నానబెట్టిన మినప్పప్పూ ఎండుకొబ్బరీ దానికేం తెలుసు? మిక్సీ కాలిపోతే తప్పు నాదని ఆవిడ ఊరుకోలేదు. నా వంటకు తగ్గ యంత్రం ఏదీ అని అడిగింది. మాస్‌బర్గ్‌కి ఎన్నో ఏళ్ల ముందే ఆ మొదటి వాక్యం మన వంటింట్లో పుట్టిందన్నమాట.

ఇదంతా నేను తీరిగ్గా కూచుని ఆలోచించిన ఆలోచన కాదు. మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతి నాచేత ఆలోచింపజేసింది. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మా అత్తమ్మకు డెబ్బై రెండేళ్లు. ఐదో తరగతి దాకా చదివింది. వారపత్రిక ఇంటికొస్తే నాకంటే ముందు ఆవిడే చదువుతుంది. ఆవిడకు పాత బటన్ల ఫోను ఒకటుండేది. ఆ ఫోన్లలో 5 అంకె మీద చిన్న బుడిపె ఉంటుంది, మీరెప్పుడైనా వేలితో తడిమి చూశారా? ఆ బుడిపె ఆధారంతో చూడకుండానే అంకెలన్నీ పట్టుకోవచ్చు. అత్తమ్మ చీకట్లో, కళ్లజోడు లేకుండా, జనగామలో ఉన్న చెల్లెలికి ఫోను చేసేది. ఈ దసరాకు మా వారు, తల్లి మీది ప్రేమతోనే లెండి, ఎన్నో సమీక్షలు చదివి, అన్ని మార్కులూ ఎక్కువొచ్చిన కొత్త ఫోను తెచ్చారు. పాతది మార్పిడిలో ఇచ్చేశారు. పాత ఫోను ఇవ్వనా అని అత్తమ్మను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

సద్దుల బతుకమ్మ ముందురోజు మా వారు ఊళ్లో లేరు. నేను ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్లాను. సాయంత్రం మా చిన్నత్తమ్మ జనగామ నుంచి రైల్లో వస్తానంది. కాజీపేటలో దిగగానే ఫోను చేస్తే ఎదురింటి అబ్బాయిని స్టేషనుకు పంపాలని అనుకున్నాం. మోకాళ్ల నొప్పి, చేతిలో సంచులు. ఆవిడకు తెలిసిన నంబరు వాళ్లక్కది ఒక్కటే.

నేనొచ్చేసరికి అత్తమ్మ ముందుగదిలో దీపం వేయకుండా కూచుని ఉంది. చిన్నత్తమ్మ రాలేదేమని అడిగితే "రాలే" అంది. ఫోను తీసి చూశాను. ఆరుసార్లు చేసి ఉంది. చిన్నత్తమ్మ గంటన్నర ప్లాట్‌ఫారం మీద కూచుని, అక్కకు తన రాక ఇష్టం లేదేమోననుకుని తిరుగు రైలెక్కి వెళ్లిపోయిందని మర్నాడు తెలిసింది. మరుసటి రోజు పద్మాక్షి గుట్ట దగ్గర అన్ని బతుకమ్మల మధ్య అత్తమ్మ పాటకు చప్పట్లయితే కొట్టింది గానీ నోరు మెదపలేదు.

నాలుగు రోజుల తర్వాత, నేను కూర తరుగుతుంటే వచ్చి పక్కన కూచుని తనే చెప్పింది. "నేను ఒత్తిన బిడ్డా. పచ్చది ఒత్తిన, ఎర్రది ఒత్తిన. ఏది ఒత్తినా మోగుతనే ఉన్నది. మా చెల్లె పేరు గట్లనే కనవడుతున్నది, నాకు ఎత్తరాలే. ఇంగ్లీషు రానిదాన్ని, నాకెందుకీ ఫోనని ఎవలకు చెప్పాలె?"

ఆ ఫోన్లో పచ్చ గుండ్రాన్ని నొక్కకూడదు. వేలు పెట్టి పైకి జరపాలి. జరపాలని ఆ తెర మీద ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, లేతరంగులో ఉంది. తలుపు కొట్టేవాళ్లకు తలుపు తీయడం అందరికీ వచ్చు. కానీ ఈ తలుపు నెట్టాలో లాగాలో ఎవరు చెప్పాలి? మా వారు చదివిన అన్ని సమీక్షల్లో ఈ సంగతి ఒక్కచోటా లేదు. డెబ్బై రెండేళ్ల మనిషి ఎవర్నీ అడక్కుండా ఫోను ఎత్తగలదా అన్న పరీక్షకు మార్కులు లేవు మరి.

మాస్‌బర్గ్ ఉంటే రాసేవాడేమో. ఆయన మీద నా గౌరవం ఆ విషయంలో చెక్కుచెదరలేదు. కానీ 2017 మే నెలలో ఆయన రాసిన చివరి వ్యాసం మీద మాత్రం నాకు పేచీ ఉంది. మాయమైపోతున్న కంప్యూటరు గురించిన వ్యాసమది. ఇకముందు యంత్రాలు విడిగా కనబడవు, గోడల్లో, కార్లలో, ఇంటి వస్తువుల్లో కలిసిపోతాయి, పిలిస్తే పలుకుతాయి, పిలవకముందే మన అవసరం కనిపెడతాయి అంటాడు. మన రహస్యాలు కాపాడే చట్టాలూ కట్టుబాట్లూ కావాలని కూడా అన్నాడు, అది మంచిమాట.

ఆ వ్యాసం చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇంట్లోనే ఉంటూ కనబడకుండా పని చేసేది, ఎవరికి కాఫీలో చక్కెర ఎంతో గుర్తుపెట్టుకునేది, అడక్కముందే అందించేది, వెనకాల అన్నీ వింటూ ఉండేది. ఇందులో కొత్త ఏముందండీ? మన ఇళ్లల్లో ఇల్లాలు తరతరాలుగా చేస్తున్న ఉద్యోగమే ఇది! కనబడని పని ఎంత హాయిగా ఉంటుందో అది చేయించుకునేవాళ్లను అడగాలి. ఎంత కష్టమో చేసేవాళ్లను అడగాలి. కనబడకపోవడమే గొప్పగుణమని ఒక వస్తువును మెచ్చుకుంటుంటే, అదే గుణానికి మెచ్చుకోళ్లు అందుకుని అలసిపోయినదాన్ని కనుక నాకు కొంచెం గుబులుగానే ఉంటుంది.

పైగా మాయమయ్యేది యంత్రమొక్కటేనా? 5 మీది బుడిపె మాయమైంది. నొక్కితే దిగే బటను మాయమైంది. అవి అత్తమ్మ వేళ్లకు తెలిసిన దారి. వస్తువు నునుపుగా, అందంగా తయారైనకొద్దీ పట్టుకోవడానికి అంచు లేకుండా పోతోంది. చూపు చురుగ్గా ఉన్నవాళ్లకు, ఇంగ్లీషు వచ్చినవాళ్లకు, వేలు వణకనివాళ్లకు అది సౌకర్యమే. మిగిలినవాళ్ల నుంచి మాత్రం, ఎవర్నీ అడగక్కర్లేని స్వతంత్రం చల్లగా జారిపోతుంది. జారినట్టు కూడా ఎవరికీ తెలీదు. ఎందుకంటే వాళ్లు "నాకు రాదు" అంటారు గానీ "ఇది బాగోలేదు" అనరు.

ఆ రోజు కూరగాయల పీట దగ్గర నేను మాస్‌బర్గ్ మాటే అత్తమ్మకు చెప్పాను. "తప్పు నీది కాదత్తమ్మా" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "మరి నాది కాకుంటే ఎవలది?" అంది.

జవాబు చెప్పలేకపోయాను. చేసినవాళ్లది అనేస్తే సరిపోతుందా? మాస్‌బర్గ్ అక్కడితో ఆగిపోతాడు. ఆయన పాఠకుడు తన ఫోను తనే ఎంచుకున్నవాడు కాబట్టి ఆయనకది చాలు. అత్తమ్మ ఎంచుకోలేదు, ఆవిడ కోసం మేం ఎంచుకున్నాం. పెట్టె విప్పిన రోజు పక్కన కూచుని పది నిమిషాలు చూపించి ఉంటే? మా వారు సమీక్షలు చదవడానికి అన్ని రాత్రులు వెచ్చించారు. నేను వాటిని వెక్కిరించడానికి అంతే వెచ్చించాను. ఇద్దరికీ ఆ పది నిమిషాలు దొరకలేదు.

ఆ రాత్రి ఇద్దరం కూచున్నాం. ఫోను భాష తెలుగులోకి మార్చాం. అక్షరాలు పెద్దవి చేశాం. జరపక్కర్లేకుండా ఒక్కసారి తాకితే చాలు అనే ఏర్పాటు కొన్ని ఫోన్లలో ఉంటుంది, సెట్టింగుల్లో ఎక్కడో లోతున. అది మా ఫోన్లోనూ దొరికింది. చిన్నత్తమ్మ ఫొటో తెర మీదికి తెచ్చి, దాన్ని తాకితే ఫోను వెళ్లేలా పెట్టాం. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే ఒకసారి ప్రయత్నించండి. ముందు వాళ్లనడిగి చేయండి, మాలాగా కాదు.

మర్నాడు పొద్దున్నే వంటింట్లో నా ఫోను మోగింది. చూస్తే ముందుగదిలోంచి అత్తమ్మే. "ఏం లేదు, పోతదా పోదా అని చూస్తున్న" అని పెట్టేసింది.

ఆ తర్వాత చెల్లెలి ఫొటో తాకింది. అవతల మోగింది, ఎత్తలేదు. మధ్యాహ్నం మళ్లీ చేసింది, ఎత్తలేదు. నేను చేసి మాట్లాడనా అంటే వద్దంది. "దానికి కోపమున్నది. తగ్గినంక ఎత్తుతది. నేను చేస్తనే ఉంట" అంది. అప్పుడావిడ గొంతులో "నాకు రాదు" అన్న మాట లేదు.

మూడోనాడు చిన్నత్తమ్మ ఎత్తింది. అక్కాచెల్లెళ్లు ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ముందు ఏడ్చారో నేను రాయలేను. అత్తమ్మ ఫోను తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.